జ్వరం లేని డెంగ్యూ

"సాయంత్రం నాలుగింటికి ఒక ప్రాణం పోవాలి. అదీ ఫోన్ లైవ్‌లో! ముఠా ప్లాన్ ఇదీ."

గ్రాంట్ రోడ్ వంతెన మీద ఏజెంట్ సాయికుమార్ ఇయర్‌ఫోన్‌ని చెవిలోకి నొక్కుకున్నాడు. "టార్గెట్ ఎవరు చీఫ్?"

"అంజమ్మ. కామాటిపురలో తెలుగు కూలీల వరసగదుల చాల్, రెండో అంతస్తు. పది రోజుల కింద కోవిడ్ టీకా వేయించుకుంది. నాలుగు రోజులుగా తల పగిలే నొప్పి. ప్లేట్‌లెట్లు ఇరవై వేలు. లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు. ఒక పక్క ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఇంకో పక్క రక్తం గడ్డకడుతుంది. మందుంది. కానీ మామూలుగా రక్తం గడ్డలకిచ్చే హెపారిన్ సూది పడిందో, అగ్నికి ఆజ్యమే. విదేశీ ముఠా ల్యాబ్ రిపోర్టు కొట్టేసింది. టీకా వల్లే చచ్చిందని లైవ్‌లో చూపిస్తే దేశంలో టీకా లైన్లు ఖాళీ అవుతాయని వాళ్ళ లెక్క. అన్నట్టు, నర్సు వేషంలో మేఘా ఉంటుంది. డబుల్ ఏజెంట్. మనవైపే అంటోంది. నమ్మకు!"

మూడూ యాభైకల్లా దోమల మందు కొట్టేవాడి ఖాకీలో సాయికుమార్ మెట్లెక్కాడు. భుజాన పొగ మెషీన్, దాని గొట్టంలో కెమెరా.

గదుల ముందు గ్యాలరీ నిండా జనం, చేతుల్లో బొప్పాయి ఆకు రసం గ్లాసులు. వానాకాలంలో ప్లేట్‌లెట్లు తగ్గాయంటే ఇక్కడ ఇంకో మాట లేదు, డెంగ్యూనే! పాపం, ఎంత మంచివాళ్ళో. ఆ మంచితనమే శత్రువుకు ముసుగైంది.

గదిలో అంజమ్మ తల పట్టుకుని మూలుగుతోంది. ఎదురుగా స్టాండు మీద ఫోన్. "ఆస్పత్రి ఎందుకు మల్లయ్యా? ప్లేట్‌లెట్లు పెరిగే సూది తెప్పించిన," అంటున్నాడు సంఘసేవకుడు రితేశ్. అంజమ్మ భర్త మల్లయ్య, సెంట్రింగ్ మేస్త్రీ, రెండు చేతులూ జోడించాడు.

మేఘా సిరంజి నింపుతోంది. మాస్కు పైన కాటుక కళ్ళు, అబ్బో!

"సిస్టర్, నాగ్‌పాడా బస్సు ఎప్పుడు?"

"ఇయ్యాల బంద్."

కోడ్ కలిసింది. అయినా అనుమానం వదల్లేదు. సీసా మీద కెమెరా చదివిన మాట: హెపారిన్. టైం మూడూ యాభై ఎనిమిది. పిస్తోలు తీస్తే లైవ్‌లో జనం హడలిపోతారు, ముఠా గెలిచినట్టే. సూదిని ఇంటాయనే ఆపాలి.

"మల్లన్నా, జ్వరం ఎంతున్నది?"

"జ్వరమా? ఒక్కదినమన్న రాలే."

"జ్వరం లేని డెంగ్యూ ఏంది అన్నా? నేనెన్నడూ సూడలే."

"అవ్ గదా!" అంది గ్లాసు పట్టుకున్న ముసలమ్మ.

రితేశ్ చటుక్కున సిరంజి లాక్కుని అంజమ్మ చెయ్యి పట్టాడు. సూది చర్మాన్ని తాకబోతుండగా, ముప్ఫై ఏళ్ళు ఇనుప గమేళాలు మోసిన మల్లయ్య చెయ్యి అతని మణికట్టు పిసికింది. "ఎవడ్రా నువ్వు? నా పెండ్లాన్ని సంపుతవా?"

సిరంజి నేల మీద పగిలింది. మేఘా ఫోన్‌ని తిప్పి రితేశ్ మొహం మీద పెట్టింది. చావు చూపించడానికి ముఠా పోగేసిన నలభై వేల మంది హంతకుణ్ణి చూశారు.

"ఇప్పుడన్నా నమ్ముతవా?" అంది మేఘా.

"ఆలోచిస్తా," అంటూ సాయికుమార్ అంజమ్మను ఎత్తుకుని అంబులెన్సుకు పరిగెత్తాడు.

పెద్దాసుపత్రిలో సరైన మందు ఎక్కింది. ఆరో రోజుకు ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి. అంజమ్మ లేచి కూర్చుని మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"లచ్చల ఒక్కరికొచ్చేది నాకొచ్చి పాయె. నా పేరు జెప్పి తప్పించుకోకు. రేపు నీ టీకా. పో, లైన్ల నిలవడు!"

విదేశీ ముఠాకు జంకని మల్లయ్యకు తన సూది మాట వినగానే చెమటలు పట్టాయి.