రాయపురం స్విచ్చి

“ఈ స్విచ్చి గీసిన మహానుభావుడు ఎవరు?”

చెన్నై పురసవాక్కంలో ఒక చీరల షాపు మీద, రెండో అంతస్తులో ఉన్న ఆ చిన్న ఆఫీసులో ఏడుగురు పనిచేస్తారు. ప్రశ్న వినగానే ఆరుగురు ఏడోవాడి వైపు చూశారు. ఏడోవాడు శ్రీకుమార్.

గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫోను. అడిగింది తమిళంలో, అడిగిన తీరు మాత్రం ఏ భాషలోనైనా అర్థమయ్యేదే.

ఫోనులో వచ్చే యాప్‌లలో బటన్లు, స్విచ్చులు ఎలా కనబడాలో నిర్ణయించడం శ్రీకుమార్ ఉద్యోగం. అంచులు ఎంత గుండ్రంగా ఉండాలి, కింద నీడ ఎంత పడాలి, వేలు తగలగానే రంగు ఎంత ముదరాలి, ఇవన్నీ అతనే చూసుకుంటాడు. నొక్కాక జరిగేది వేరేవాళ్ళు చూసుకుంటారు. దీనికి కూడా జీతం ఇస్తారా అని వాళ్ళమ్మ తాయారు నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉంది.

వచ్చిన అమ్మాయి పేరు కార్తీక. రాయపురం హార్బరులో చేపలమ్మే ఆడవాళ్ళ సంఘానికి రాతకోతలన్నీ ఆమే చూస్తుంది. ఆ సంఘం కోసమే ఈ ఆఫీసువాళ్ళు ఒక యాప్ తయారు చేశారు. అందులో ఉన్నది ఒకే ఒక్క స్విచ్చి. రేపటికి ఐసు కావాలంటే ఆన్ చెయ్యాలి, వద్దంటే ఆఫ్ చెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి ఐసు ఫ్యాక్టరీవాళ్ళు చూసుకుని, తెల్లారేసరికి ఎవరి పెట్టె దగ్గరికి వాళ్ళ ఐసు చేరుస్తారు.

శ్రీకుమార్ తన బాస్ యతిరాజులు వైపు తిరిగి మెల్లగా తెలుగులో అన్నాడు. “సార్, చేపలమ్మే వాళ్ళకి డిజైన్ గురించి ఏం తెలుస్తుంది? రెండు నిమిషాలు తలూపి పంపించేస్తా.”

“రెండు నిమిషాలు చాలదు సార్,” అంది కార్తీక, తెలుగులో. “మేడ మీదికి రండి. ఎవురికి ఏం తెలుసో ఎండలో చూసుకుందాం.”

యతిరాజులు నవ్వు దాచుకోవడానికి కంప్యూటరు వెనక్కి వంగాడు.

మేడ మీద పదకొండు గంటల చెన్నై ఎండ. కార్తీక ఫోను అతని చేతిలో పెట్టింది.

“చెప్పండి. ఐసు ఉండాదా, లేదా?”

అతను ఫోనును అటు వంచాడు, ఇటు వంచాడు, అరచెయ్యి అడ్డం పెట్టాడు. తెర మీద తన ముక్కు స్పష్టంగా కనబడింది. స్విచ్చి కనబడలేదు.

“ఆన్.”

“ఆఫ్. ఆన్‌కి లేత పుదీనా రంగు, ఆఫ్‌కి లేత బూడిద రంగు. పెండ్లి పత్రికకైతే సూపరు. మా ఆడోళ్ళు పొద్దున్నించి ఎండలోనే నిలబడతారు సార్. వేళ్ళకంతా తడి, పొలుసు. ఇట్ల కణుపుతో నొక్కతారు, కొనతో కాదు.”

చూపుడు వేలు మడిచి, కణుపుతో గాలిలో నొక్కి చూపించింది. డిజైనుకి అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపే అతను ఆ చేతిని చూశాడు.

“సరి. మారుస్తా. పెద్దది చేస్తా, రంగు ముదరగొడతా.”

“రంగుని నమ్మొద్దండి. ఎండలో అన్ని రంగులూ ఒకటే. అక్షరాలూ వద్దు, సగం మందికి చదువు రాదు. ఇంట్లో గోడకి ఉంటాదే, ఆ స్విచ్చి మాదిరి ఉంటే చాలు. ఎవురూ ఎవురికీ నేర్పించే పని లేదు.”

మంచి ఆలోచనే. తర్వాత జరిగిన అనర్థమంతా దానివల్లే జరిగింది.

రెండు వారాల్లో శ్రీకుమార్ పదకొండు స్విచ్చులు గీసి వాట్సాప్‌లో పంపాడు. పలక నీలంగా, మీట తెల్లగా, పైకీ కిందికీ వంగే గోడ స్విచ్చి. ఐదోదానికి ఆమె “నీడ తగ్గించండి, మురికి మాదిరి ఉండాది” అని రాసింది. ఎనిమిదోదానికి “పర్వాలే” అంది. ఆ ఒక్క మాటని అతను ఆఫీసులో ముగ్గురికి చూపించాడు. పదకొండోది బాగుందని ఒప్పుకున్నాక కూడా, తడి వేళ్ళతో టెస్టు చెయ్యాలని ఒక సాయంత్రం హార్బరుకే వెళ్ళాడు. ఆ టెస్టు ఆఫీసు కుళాయి దగ్గర కూడా చెయ్యొచ్చు. ఆ మాట ఎవరూ అనలేదు.

వేలం వేసే షెడ్డు కిందికి వెళ్ళేసరికి వాన అందుకుంది. ఏటా వేసవిలో వచ్చే చేపల వేట నిషేధం రోజులు కాబట్టి బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. రేకుల మీద చినుకుల చప్పుడుకి ఇద్దరూ కొంచెం దగ్గరగా నిలబడి మాట్లాడుకోవలసి వచ్చింది. తప్పు వానదే.

“టెస్టింగుకి నీళ్ళు కావాలంటిరి కదా. పట్టండి చెయ్యి బయటికి,” అంది కార్తీక.

అతను రెండు వేళ్ళు బయట పెట్టి, వెంటనే లోపలికి లాక్కున్నాడు.

“అబ్బ, ఎంత ధైర్యం సార్ మీది!”

“షర్టు కొత్తది.”

“హార్బరుకి ఎవరన్నా కొత్త షర్టు వేసుకోని వస్తారా? ఎవురిని చూడనీకి వచ్చినారు?”

అతను తడి వేళ్ళని ఆ కొత్త షర్టుకే తుడుచుకున్నాడు. కార్తీక నవ్వింది. కాసేపయ్యాక ఆ నవ్వు ఆగిపోయింది.

“ఒక మాట చెప్తా వినండి. పాత ఐసు ఏజెంటుని మాన్పించింది నేనే. నలభై మందికి మాటిచ్చినా, ఈ యాప్ పని చేస్తాదని. బోట్లు తిరిగొచ్చే తొలిరోజు ఐసు రాలేదంటే చేప చెడిపోతాది. చేప పోతే ఇంకో వేటకి వస్తాది. నా మాట పోతే మళ్ళీ రాదు. ఆ మాట తప్ప నా దగ్గిర ఇంకేం లేదు.”

“పని చేస్తుంది కార్తీకా,” అన్నాడు శ్రీకుమార్. పేరు పెట్టి పిలిచానని అతనికి ఇంటికెళ్ళే బస్సులో గాని తెలియలేదు.

నిషేధం ముగిసింది. బోట్లు తిరిగొచ్చే తొలి ఉదయం ఐదున్నరకి ఫోను మోగింది.

“ఐసు రాలేదు.” అంతే అంది, పెట్టేసింది.

అతను లేచి కూర్చుని యాప్ రికార్డు తెరిచాడు. సంఘంలో నలభై పేర్లు. ముప్ఫై ఎనిమిది ఆఫ్, రెండు ఆన్. ఆ ఆన్‌లో ఉన్న ఇద్దరూ గుడియాత్తంలో ఒక పెండ్లికి వెళ్ళారు. తాళం వేసిన వాళ్ళ పెట్టెల పక్కన ఐసు నిక్షేపంగా చేరి, నిక్షేపంగా కరుగుతోంది.

దారిలో ఉండగా యతిరాజులు ఫోను చేశాడు. “నేనూ చూశానబ్బా. వాళ్ళే ఆన్ చెయ్యలేదు. యూజర్ మిస్టేక్ అని సంఘానికి రెండు లైన్లు మెయిల్ పెట్టెయ్. ఆ అమ్మాయికి కూడా ఫోన్లో అదే చెప్పినా. మన తప్పని తేలిందంటే కాంట్రాక్టు పోతుంది, చూసుకో.”

హార్బరు చేరేసరికి చేపలు గట్టు మీదికి వచ్చేశాయి. వంజరం, శంకర, సుదుంబు, అన్నీ గంపల్లో మెరుస్తున్నాయి. ఎండ అప్పుడే పైకి వస్తోంది. ఆడవాళ్ళందరూ కార్తీక చుట్టూ ఉన్నారు. ఎవరూ తిట్టడం లేదు. తిట్టినా బాగుండేదని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది.

“రికార్డు చూసినారు కదా?” అంది అతని వైపు చూడకుండా. “మా వాళ్ళు ఆన్ చెయ్యలేదంట. మీ సారు చెప్పినాడు.”

“ఎవురమ్మా చెయ్యంది?” గంప దింపి ముందుకొచ్చింది ఆదిలక్ష్మి. కార్తీక తల్లి, ఇరవై రెండేళ్ళుగా అక్కడే చేపలమ్ముతోంది. కొంగుతో ఫోను తుడిచి శ్రీకుమార్ చేతికిచ్చింది. “చూడు తంబీ. నిన్న మద్యాన్నమే చూసినా. మీట కిందికే ఉండాది. సరిగ్గానే ఉండాది కదా అని ముట్టను గూడా లేదు.”

“నాదీ కిందికే,” అంది ఇంకొకావిడ.

“నాదీ అంతే.”

శ్రీకుమార్ ఫోను వైపు చూశాడు. తర్వాత షెడ్డు స్తంభానికి ఉన్న స్విచ్చుల బోర్డు దగ్గరికి నడిచాడు. పైన లైటు పట్టపగలు వెలుగుతోంది. దాని మీట కిందికి ఉంది. పైకి నొక్కాడు, లైటు ఆరింది. కిందికి నొక్కాడు, వెలిగింది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. ముప్ఫై ఎనిమిది మంది ఆడవాళ్ళు, చేపలు ఎండకి వదిలేసి, ఒక మగవాడు లైటు వేసి ఆర్పడం చూస్తూ నిలబడ్డారు.

అతను ఆ స్విచ్చిని ఒక విదేశీ డిజైన్ల బొమ్మల్లోంచి దించుకున్నాడు. ఆ దేశంలో గోడ స్విచ్చి పైకి ఉంటే ఆన్. ఈ దేశంలో కిందికి ఉంటే ఆన్. పుట్టినప్పటి నుంచి అతని చెయ్యి ఇంట్లో ఫ్యానుని కిందికే నొక్కుతోంది. చేతికి తెలిసిన సంగతి తలకి తెలియలేదు. ఐసు కావలసినవాళ్ళు మొదటి నుంచీ మీట కిందికే ఉండడం చూసి, ఆన్‌లోనే ఉందని ఊరుకున్నారు. పెండ్లికి పోయిన ఇద్దరు మాత్రం బాధ్యతగా ఐసు వద్దని పైకి నొక్కి వెళ్ళారు.

అతనికి సిగ్గేసింది. మేడ మీద ఎండలో పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది!

ఫోను తీసి అందరి ముందే యతిరాజులుకి చేశాడు. “సార్, ఆ మెయిల్ పెట్టను. తప్పు వాళ్ళది కాదు, నాది. స్విచ్చిని తలకిందులుగా గీసినా.”

అవతలివైపు మాటలు ఎవరికీ వినబడలేదు. శ్రీకుమార్ మాత్రం ఫోనును చెవికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. అది ముగిశాక ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

“మీరందరూ కరెక్టుగానే పెట్టినారు. కార్తీక చెప్పింది కరెక్టే. తప్పు నేను చేసినా. మన్నించండి.”

“మొగోడు తప్పు నాదని చెప్పడం ఈ హార్బర్లో ఇదే ఫస్టు,” అంది వెనక నుంచి ఎవరో.

“నిలబడి చూస్తే ఐసు వస్తాదా?” అని ఆదిలక్ష్మి కసిరింది. “ఎన్నూరు పక్క ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండాది. పోండి ఇద్దరూ!”

లోడు ఆటోలో వెళ్ళారు. వచ్చేటప్పుడు ఐసు దిమ్మల మీద గోనె సంచులు కప్పి, జారిపోకుండా వెనకాలే కూర్చున్నారు. ముందు కంటెయినరు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఐసు కరిగి ఇద్దరి బట్టలూ తడిశాయి.

“ఉద్యోగం పోతాదా?” అడిగింది కార్తీక.

“పోవచ్చు.”

“భయంగా లేదా?”

“ఉంది. దానికన్నా మీరు నాతో మాట్లాడకపోవడం ఎక్కువ భయంగా ఉంది.”

ఆమె ఒక గోనె సంచి అంచు సర్దింది. “మీ మీద కోపం లేదు. నా మీద నాకే కోపం. ఇంక ఎవురికోసరమూ, దేనికోసరమూ మాటివ్వను. ఒట్టు.”

అతను ఓదార్చబోయి ఆగాడు. ఆ ఒట్టు వేయించింది తనేనని అతనికి బాగా తెలుసు.

ఎనిమిదింటికి ఐసు చేరింది. సుదుంబు కొంత పోయింది, మిగతా చేప నిలిచింది. దిమ్మలు మోసి శ్రీకుమార్ వేళ్ళు రెండు రోజులు తిమ్మిరెక్కే ఉన్నాయి.

స్విచ్చిని తిరగేసి గీయడానికి అతనికి మూడు నిమిషాలు పట్టింది. ఉద్యోగం పోలేదు. సంఘం నుంచి కబురు వచ్చింది, తప్పు ఒప్పుకునేవాడు ఒకడు దొరికాడు, వాణ్ణి తీసేస్తే మీ యాపే మాకొద్దు అని. దాన్ని పంపింది కార్తీక కాదు, ఆదిలక్ష్మి. యతిరాజులు మూడు రోజులు ముఖం ముడుచుకుని, నాలుగో రోజు చేపలెప్పుడు తెస్తావని అడిగాడు.

ఆ తర్వాత ఐసు ఒక్కరోజు కూడా తప్పలేదు. శ్రీకుమార్ కూడా ఒక్క శనివారం తప్పలేదు. ఒక వారం తెర వెలుతురు చూడాలన్నాడు, ఇంకో వారం అంచులు కొంచెం గుండ్రంగా చేస్తే ఎలా ఉంటుందో అడగాలన్నాడు. కార్తీక అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పేది. అతని కళ్ళలోకి మాత్రం ఎక్కువసేపు చూసేది కాదు.

ఐదో శనివారం మధ్యాహ్నం ఆదిలక్ష్మి కత్తిపీట ముందు నుంచి తలెత్తింది.

“ఈ వారం ఏం రిపేరు తంబీ?”

అతను రెండు భాషల్లో తయారుచేసుకొచ్చిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. “రిపేరు ఏం లేదత్తా. కార్తీకని చూసేదానికి వచ్చినా. పోయిన నాలుగు వారాలూ దానికే వచ్చినా. నాకు ఆమె అంటే ఇష్టం.”

కత్తిపీటలన్నీ ఆగాయి. కార్తీక చేతిలోని పుస్తకం మూసింది.

ఆదిలక్ష్మి కూతురి వైపు చూసింది. “ఏమే, ఈయన్ని నమ్మొచ్చా? వీళ్ళందరి ముందరా చెప్పు. నీ మాట మీదనే ఏదైనా.”

“ఎవురికీ మాటివ్వనని ఒట్టేసుకుండానమ్మా.”

శ్రీకుమార్ తల దించుకున్నాడు. వేరే జవాబు ఆశించడానికి తనకేం హక్కు ఉందని అనుకున్నాడు. వెళ్ళిపోదామని ఒక అడుగు వెనక్కి కూడా వేశాడు.

“నిలబడు,” అంది కార్తీక. మొదటిసారి ‘మీరు’ పోయింది. లేచి వచ్చి అతని పక్కన నిలబడి, నలభై మంది వైపూ చూసింది. “ఈయన్ని నమ్మండి. దీనికి నేను మాటిస్తా.”

ఆదిలక్ష్మి కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చేతులు కడుక్కుంది.

“అయితే ఆదివారం మీ అమ్మని పిలుచుకోని రా తంబీ. మీ ఇంట్లో చేప తింటారా?”

“అమ్మ తినదత్తా.”

“అయ్యో పాపం,” అంది ఆదిలక్ష్మి మనసారా. “ఏం పర్వాలే. సాంబారు పెడదాం.”