సోమవారం ఏడింటి ప్రశ్న

దయ్యాలంటే నాకు చీమంత భయం కూడా లేదు. చిన్నప్పుడు ఒక దయ్యంతో పరుగుపందెం కట్టి, ఓడించి, దాని చెప్పులు తొడుక్కుని ఇంటికొచ్చినవాణ్ణి. కాస్త వదులే గానీ మూడేళ్లు తొడిగాను. అందుకే మా ఇంట్లో జరిగింది చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు.

మా కోడలు బడిలో సైన్సు పంతులమ్మ. తన తరగతికి ఒక బ్లాగు పెట్టింది. అందులో పిల్లలందరికీ తలా ఒక సొంత పేజీ. సోమవారం ఉదయం ఏడింటికి బ్లాగులో ఒక ప్రశ్న వచ్చేది. వారమంతా పిల్లలు చూసి, చేసి, ఎవరి పేజీలో వాళ్లు రాసుకునేవారు. ఎంత బతిమాలినా జవాబు మాత్రం ఆవిడ నోట రాదు.

కోడలు జబ్బు చేసి పోయింది. పోయిన ఆరో రోజు సోమవారం. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. సరిగ్గా ఏడింటికి బ్లాగులో ప్రశ్న వచ్చింది. గదిలో ఆమె కుర్చీ కిర్రుమంది. నేను రెండు కాళ్లూ మంచం మీదికి లాక్కున్నాను. పందెం కట్టిన దయ్యం వేరు, కోడలు వేరు.

ఆసుపత్రిలో ఉండగానే రాబోయే వారాల ప్రశ్నలు రాసి, ఏది ఏ రోజు రావాలో ముందే పెట్టి వెళ్లిందని దర్జీ పని చేసే మా అబ్బాయి చెప్పాడు. మనవరాలు పిచ్చుకది అదే తరగతి. ఇంట్లో మాటలు మానేసింది. వాళ్లమ్మ ప్రశ్న చదివితేనే గ్లాసెడు పాలు తాగేది, తన పేజీలో రాసేది. ప్రశ్నలు అయిపోతే ఈ పిల్ల ఏమైపోతుందోనని మాకు దిగులు.

పదో సోమవారం ప్రశ్న ఇది: తడిసి ఆరితే నూలు చొక్కా ఎందుకు పొట్టిదవుతుంది? దాని కిందే ఇంకో వాక్యం: అందుకే గుడ్డను ముందే తడిపి, ఆరబెట్టి కుట్టాలి.

పిచ్చుక పాలు ముట్టలేదు. కుట్టుమిషను దగ్గరికెళ్లి నిలబడింది.

"అమ్మ జవాబు చెప్పదు నాన్నా."

మిషను ఆగింది.

"ఎన్ని రాశావు?"

"మూడు. మీ అమ్మవి ఏడుతో అయిపోయాయి. తర్వాతి రెండూ ఆమె పాత నోట్సులోంచి ఎత్తాను. ఇది... నాకు తెలిసింది గుడ్డలే కదమ్మా."

"అమ్మే అడుగుతోందనుకున్నాను." పిచ్చుక నా వైపు తిరిగింది. "తాతా, నీకూ తెలుసా?"

నేను కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాను.

"రాస్తుంటే నాకూ అలాగే ఉండేది తల్లీ," అన్నాడు వాడు తలెత్తకుండా. "వెనక నిలబడి చదువుతున్నట్టు."

పిచ్చుక చెయ్యి చాపి కొలత టేపు అడిగింది. వాడు మెడలోంచి తీసి ఇచ్చాడు. పిచ్చుక ఒక నూలుపేలిక కొలిచి, తడిపి, ఎండలో ఆరేసింది. సాయంత్రం మళ్లీ కొలిచింది.

"నువ్వు రాసింది జవాబు కాదు నాన్నా. ఏం చెయ్యాలో చెప్పావు. ఎందుకో చెప్పలేదు."

"నాకు తెలిస్తే కదా," అన్నాడు వాడు. నవ్వబోయి ఏడ్చేశాడు. పిచ్చుక వాడి భుజం మీద తల ఆనించింది. పొద్దుటి నుంచి గ్లాసులో అలాగే ఉన్న చల్లారిన పాలు ఆ తర్వాత తాగింది. తన పేజీలో ఇలా రాసింది: "ఈ వారం ప్రశ్న మా నాన్నది. గుడ్డ అర అంగుళం తగ్గింది. ఎందుకో ఇద్దరం వెతుకుతున్నాం."

ఇక మీకొక నిజం చెప్పాలి. కుర్చీ కిర్రుమనలేదు. అది నేను కల్పించాను. అయినా సోమవారం ఏడింటికి ఆ కుర్చీలో మాత్రం నేను కూర్చోను.