కీమేన్ చెవి

ఉదయం పదిన్నర. సుపేలా బజారులో మూడో చాయ్ తాగుతున్న భుజంగరావు చెవిలో చీఫ్ ధర్మారావు గొంతు గరగరలాడింది. ఆ చెవిలో ఉన్నది చూసేవాళ్లకి మామూలు వినికిడి మిషన్. నిజానికి సీక్రెట్ రిసీవర్. చుట్టూ ఉన్న శబ్దాన్ని కూడా పదింతలు చేసి వినిపిస్తుంది.

"ఏజెంట్ సెవెంటీన్! నెహ్రూ నగర్ ఇంజనీరింగ్ కాలేజీలో పూర్వ విద్యార్థుల సభ. అక్కడ చదివిన డాక్టర్ అరుణజ్యోతి, సుత్తి దెబ్బ విని రైలు పట్టా లోపలి పగులు చెప్పే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. పదకొండుకి బటన్ నొక్కితే రైల్వే డివిజన్లన్నిటికీ వెళ్తుంది. ఈలోగా విదేశీ ముఠా దాన్ని మార్చేస్తే, పగిలిన పట్టాకి కూడా బాగుందని పచ్చలైటే."

"దాని మీదుగా రైలు." భుజంగరావు నిట్టూర్చాడు. "అక్కడ మన మనిషి?"

"మధులత. పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి."

యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లను తిట్టుకుంటూ ఆటో ఎక్కాడు. రిటైర్మెంట్‌కి ఇంకా రెండు నెలలుంది గానీ, దేశాన్ని కాపాడే ఓపిక ఎప్పుడో రిటైరైపోయింది.

మెకానికల్ బ్యాచ్ బ్యాడ్జి పెట్టుకుని లోపలికెళ్తే, జన్మలో చూడని ముగ్గురు కావలించుకున్నారు. "అరే యార్, ఏటిలా అయిపోనావు!" అన్నారు. మారువేషం అంత బాగా కుదిరినందుకు అతనికి ఏడుపొచ్చింది.

పట్టుచీరలో మధులత మెరిసిపోతోంది.

"క్యాంటీన్ సమోసా ఎలా ఉంది?" కోడ్ అడిగాడు.

"నూనె మారలేదు. ఆల్ క్లియర్. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి భయ్యా."

ఆ మాట ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! గుమ్మందాకా వెళ్లిపోయాడు కూడా.

వేదిక మీద నున్నటి పట్టా ముక్క ఒక్కటే ఉంది. "మంచిదీ పగిలిందీ రెండూ చూపిద్దామనుకున్నాం. పగిలింది లారీలో రాలేదట" అని అరుణజ్యోతి నొచ్చుకుంది. తర్వాత తన గురువంటూ గురునాథరావును పిలిచింది. ఆయన రిటైరైన కీమేన్. ముప్పై ఏళ్లు పట్టాల వెంట నడిచి, సుత్తితో కొట్టి చూసిన మనిషి. ఆయన విద్యంతా ఇప్పుడా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. చెవులు మాత్రం దాదాపు పోయాయి.

ముసలాయన సుత్తితో కొట్టాడు. పచ్చలైటు. చప్పట్లు.

భుజంగరావు ఆగిపోయాడు. అతని తండ్రీ కీమేనే. మంచి పట్టా ఖంగుమంటుంది. ఇది పగిలిన కుండలా పలికింది.

"ఐదు... నాలుగు..." హాలంతా లెక్కపెడుతోంది. మోకాళ్ల సంగతి మరిచి పరిగెత్తాడు. "ఒకటి" దగ్గర ఆ బటన్ కేబుల్ పీకేశాడు.

తెర వెనక రెండో ముక్క దొరికింది, ఒళ్లంతా తుప్పుతో. దాని నంబరు చూసి అరుణజ్యోతి తెల్లబోయింది. "మంచిది ఇదే!"

జారుకోబోతున్న మధులతను చీఫ్ పంపిన మఫ్టీ పోలీసులు పట్టుకున్నారు.

"ఎక్కడ తప్పు చేశాను?" అంది.

"తుప్పు చూసి పగిలిందనుకున్నావు. పగిలినదానికీ పచ్చలైటొస్తే నువ్వు చేసిన మార్పు బయటపడుతుందని, దాన్ని దాయబోయి మంచిదాన్ని దాచావు. పగులు లోపలుంటుందమ్మా."

భుజంగరావు అలసటగా వేదిక మెట్టు మీద కూలబడ్డాడు. గురునాథరావు దగ్గరికొచ్చాడు.

"ఏటయ్యింది బాబూ? గట్టిగా సెప్పు."

చెప్పే ఓపిక లేక, భుజంగరావు తన మిషన్ తీసి ఆయన చెవిలో పెట్టాడు. ముసలాయన వెళ్లి నున్నటి పట్టాను మళ్లీ కొట్టాడు. విన్నాడు. కళ్లు నీళ్లతో నిండాయి.

"ఇది సచ్చిపోయిన పట్టా బాబూ!" అన్నాడు. ఇంకాసేపు చెవి రిక్కించాడు. "మరేటి, ఇందులో ఎవుడో రిపోర్ట్, రిపోర్ట్ అని తెగ అరస్తన్నాడు. ఆడిని కూడా ఓ దెబ్బ కొట్టి సూడమంటావా?"