ఓబులమ్మ బేజారు

మధ్యాహ్నం బెల్లు కొట్టి చాలాసేపయింది. పిల్లలంతా బడి వెనక వేపచెట్టు నీడన సద్దులు తింటున్నారు. ఓబులమ్మ మాత్రం విప్పిన సద్దిమూటను మళ్ళీ కట్టేసింది.

పక్కన కూర్చున్న జ్ఞానమణి అది చూసింది.

"అదేమిటే, తినవా? రేపీపాటికి నేను రైల్లో ఉంటాను. ఇవాళైనా కలిసి తిందాం రా."

ఓబులమ్మ మూట ముడి ఇంకా బిగించింది.

వాళ్ళిద్దరిదీ మూడేళ్ళ స్నేహం. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు, గుమాస్తా పనిమీద జ్ఞానమణి నాన్న దావీదురాజు గారు గుంటూరు నుంచి వచ్చారు. ఊళ్ళో ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేసిన రోజులవి. గాలిదుమారం లేస్తే చాలు, గుడారాల్లోంచి సర్కారు కాగితాలు వీధుల్లోకి ఎగిరి వచ్చేవి. గుమాస్తాలు పంచెలు ఎగగట్టి వాటి వెంటపడేవారు. ఆ కాగితాలు ఏరి ఇవ్వడానికి పరుగెత్తుతూ ఒకరినొకరు ఢీకొన్న పిల్లలే ఓబులమ్మా, జ్ఞానమణీ. ఇద్దరి నుదుళ్ళూ బొప్పి కట్టాయి. ఆ బొప్పి చూసుకొని నవ్వుకోవడంతో మొదలైంది స్నేహం.

ఇప్పుడు రాజధాని హైదరాబాదుకు పోతోంది. గుడారాలు ఒక్కొక్కటే చుట్టేస్తున్నారు. రాజధాని వెంట జ్ఞానమణి కూడా పోతోంది.

"మాట్లాడవేమే? నామీద కోపమా?" జ్ఞానమణి మళ్ళీ అడిగింది.

ఓబులమ్మ ముఖం పక్కకు తిప్పుకొంది. "నిన్ను చూస్తే బేజారయితాది," అంది.

జ్ఞానమణి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"నన్ను చూస్తేనా?"

"అవును. పొద్దున్నుంచీ."

"సరేలే. రేపట్నించీ నీకా బాధ ఉండదు." జ్ఞానమణి గిన్నె మూతపెట్టి లేచింది.

ఓబులమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఉన్నమాట చెబితే కోపమెందుకు? ఆమెకూ ఒళ్ళు మండింది.

"పోతే పో. నాకేమి?" అని వెనక నుంచి అరిచింది.

సాయంత్రం బడి వదిలాక జ్ఞానమణి ఆమె కోసం ఆగలేదు. మూడేళ్ళలో అదే మొదటిసారి.

ఇంట్లో అవ్వ జొన్నరొట్టెలు చేయడానికి కూర్చుంది. అవ్వది కన్నడ సీమ పక్కనుండే ఆలూరు. రొట్టె ఆమె చేతిలో తిరుగుతూ పెద్దదవుతుంటే చూడడం ఓబులమ్మకు ఇష్టం. ఈరోజు అటు చూడను కూడా చూడలేదు. ఊదుగొట్టం తీసుకొని పొయ్యి ముందు కూర్చుంది. గబగబా ఊదింది. బూడిద లేచింది. ఇంకా గబగబా ఊదింది. ఇల్లంతా పొగ కమ్మింది.

అవ్వ దగ్గుతూ అంది: "ఏమ్మే, పొయ్యి మంటేస్తాండావా, ఎలకలకు పొగబెడతాండావా?"

ఓబులమ్మ నవ్వలేదు. కళ్ళు తుడుచుకొంది. ఎంత తుడుచుకొన్నా తడి ఆరలేదు.

"పొగకేనా ఆ నీళ్ళు?"

"ఊఁ."

"పొగ తగ్గింది కదమ్మే. నీళ్ళు తగ్గలేదే?"

ఓబులమ్మ ఊదుగొట్టం కింద పడేసింది. "నేను నిజమే చెప్పినా అవ్వా. చెప్తే అది కోపం చేసుకొని పోయె. నాకు శానా బేజారుగా ఉండాది. ఈ బేజారు ఎందుకు వస్తాది? రాకుంటే బాగుండు."

అవ్వ పచ్చికట్టెను పొయ్యిలోంచి వెనక్కి లాగింది. దాని చివర తడి బుసబుసమని నురగ కడుతోంది.

"ఇది చూడు. కట్టెలో తడి ఉండాదని మనకెవరు చెప్పిరి?"

"పొగ."

"మరి పొగ ఎందుకొచ్చెనని పొయ్యిని తిడతామా? బేజారూ అంతే. లోపల ఏందో ఉండాదని చెప్పేదానికి వస్తాది. దాన్ని తరిమితే ఏమొస్తాది? ఏం చెప్తాందో విను."

"ఏం చెప్తాంది?"

"నన్నడిగితే నాకేం తెలుసు? నీ లోపలిది నువ్వే చూసుకోవల్ల. ముందు ఆ ఊపిరి నిదానం చెయ్. నువ్వు ఊదినట్ల ఊదితే బూడిద కంట్లో పడతాది. ఏమీ కనపడదు."

అవ్వ పిండిముద్ద ముందు పెట్టుకొంది. "నేను నాలుగు దెబ్బలు కొట్టేదాకా గాలి లోపలికి తీసుకో. ఆరు దెబ్బలు కొట్టేదాకా సన్నగా బయటికి వదులు. ఊదుగొట్టం నోటికాడ ఉండాదనుకో."

టప్, టప్, టప్, టప్. ఓబులమ్మ పొట్ట నిండా గాలి పీల్చింది. టప్, టప్, టప్... నాలుగో దెబ్బకే ఊపిరి అయిపోయింది. అవ్వ మళ్ళీ మొదలుపెట్టింది. ఒక రొట్టె అయింది. రెండో రొట్టెకు ఊపిరి ఆరు దెబ్బలూ నిలిచింది. మూడో రొట్టె పెనం మీదికి పోయేసరికి, కళ్ళలో తడి ఆరింది.

"బేజారు పోయిందా?" అంది అవ్వ.

ఓబులమ్మ ఆలోచించింది. "పోలేదు. కానీ ఇప్పుడు కనపడతాంది."

"ఏముండాది?"

"జ్ఞానమణి."

అవ్వ వేడి రొట్టె తుంచి వెన్న పూసి చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున ఓబులమ్మ వెళ్ళేసరికి జట్కా జ్ఞానమణి ఇంటి ముందే ఉంది. దావీదురాజు గారు ట్రంకుపెట్టె ఎక్కిస్తున్నారు. జ్ఞానమణి గడపలో నిలబడి నేల చూస్తోంది. ఓబులమ్మ తన తొడ మీద మెల్లగా తట్టుకొంది. నాలుగు. తర్వాత ఆరు. అప్పుడు నోరు తెరిచింది.

"నిన్న పోతే పో అన్నది తప్పు. నాకు బేజారయి అట్లంటి."

"మళ్ళీ అదే మాట. నేనంటే అంత విసుగా నీకు?"

"విసుగా? విసుగని ఎవరన్నారు?"

"బేజారంటే విసుగే కదా. మా గుంటూరులో అంతే."

ఓబులమ్మ నోరు వెళ్ళబెట్టింది. "మా అవ్వ అనే బేజారు అది కాదే. బేజారంటే..." కాసేపు తడుముకొంది. "నిన్న నేను సద్ది విప్పి మళ్ళీ కట్టేస్తి చూడు. నువ్వు పోతాండావని తిననీకి కాలేదు. అది."

జ్ఞానమణి తలెత్తింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే నాకూ వారం నుంచీ బేజారేనే," అంది. అనడంతోనే ఏడుపు ముంచుకొచ్చి వెక్కిళ్ళు పట్టుకొన్నాయి.

ఓబులమ్మ ఆమె అరచెయ్యి తెరిచి, దాని మీద రొట్టె తట్టినట్లు తట్టింది. "నాలుగు కొట్టేదాకా లోపలికి తీసుకో. ఆరు కొట్టేదాకా వదులు. ఊదుగొట్టం నోటికాడ ఉండాదనుకో."

"అమ్మాయ్, రైలుకు వేళవుతోంది," అని దావీదురాజు గారు రెండుసార్లు పిలిచారు. మూడోసారి పిలవకుండా, గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డారు.

జట్కా వీధి మలుపు తిరిగేదాకా జ్ఞానమణి వెనక్కే చూసింది. ఒడిలో ఒక అరచేతి మీద ఇంకో చేత్తో తట్టుకొంటూనే ఉంది.

ఆ మధ్యాహ్నం బెల్లు కొట్టాక, వేపచెట్టు కింద ఓబులమ్మ పక్కన చోటు ఖాళీగా ఉంది.

"ఏమే, అట్లుండావు?" అంది వెనక బెంచీ భీమమ్మ.

"జ్ఞానమణి పోయె. బేజారుగా ఉండాది," అంది ఓబులమ్మ. ఆ ఖాళీ చోటు చూపించి, "రా, ఈడ కూచో," అంది.

తర్వాత సద్దిమూట విప్పింది. రొట్టె రెండుగా తుంచింది.