బాలప్ప గొంతు

వికారాబాద్ రైల్వే స్టేషన్ పక్క సందులో డిటెక్టివ్ వాసవి ఆఫీసు మెట్లెక్కి వచ్చింది నిరోషా. తాండూరు బండల పాలిష్ కార్మికుల సంఘంలో ఆమె పని చేస్తుంది. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన వాళ్ల మాటలు రికార్డు చేస్తుంది.

"బాలప్ప మాటలు పోయినయి మేడం. దగ్గు మొదలైనంక ఫ్యాక్టరీ వాళ్లు ఎట్ల ఎల్లగొట్టిన్రో అంత చెప్పిండు. ఆ వారమే సచ్చిపోయిండు. కేసుకు అదే ఆధారం."

ఆమెది లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోను. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో 'దాచు' అని కొడితే రికార్డింగులన్నీ సంఘం కంప్యూటర్‌కు చేరతాయి. ఒక పొడుగాటి ఆదేశానికి అది పొట్టి పేరు. పెట్టిచ్చింది మర్పల్లి ఇంజనీరు కౌశిక్.

"ఆ రోజు ఏం జరిగింది?" అంది వాసవి.

"మా లాయర్ అమర్‌నాథ్ సార్ దగ్గర ఉన్న. ఫోను వేడెక్కింది, బంద్ చేసి మళ్ల ఆన్ చెయ్యి, బాలప్పది జల్ది దాచు అన్నడు. చేసిన. కంప్యూటర్ల రాలే, ఫోన్ల లేదు."

"అంతకుముందు ఆ నల్ల తెర మూసేదానివా?"

"లేదు, ఎప్పుడు తెరిచే ఉంటుండె."

"ఫోను ఎవరి చేతికన్న ఇచ్చినవా?"

"ముందురోజు పాతవి వింటనని సార్ తీస్కున్నడు. అంతకుముందు కౌశిక్ అన్న ఏదో సరిచేసిండు."

'దాచు' వెనక అసలేముందో వాసవి ఫోన్‌నే అడిగింది. తెర మీద వచ్చింది ఆమె సహాయకుడు యాకోబు చదివాడు. కౌశిక్ రాసిన వరుస అలాగే ఉంది. కానీ ఫోను దాని తర్వాత చదివే ఇంకో ఫైల్లో, అదే పేరుకు వేరే పని అప్పగించారు: ఎక్కడికో పంపి, ఇక్కడ చెరిపేయి. చివర చదివిందే చెల్లుతుంది. ఇది కౌశిక్ పనే అనుకున్నాడు యాకోబు.

మర్నాడు తాండూరులో, సంఘం గదిలో వాసవి నిరోషాను, కౌశిక్‌ను, అమర్‌నాథ్‌ను కూర్చోబెట్టింది. బాలప్ప భార్య హన్మమ్మ కూడా వచ్చింది.

"ఫోను పొట్టి పేర్లను నల్ల తెర తెరుచుకున్నప్పుడే చదువుకుంటది. నిరోషా తెర మూయదు కాబట్టి కొత్త ఆదేశం పని చేయకుండ పడి ఉంది, ఫోను బంద్ చేసి ఆన్ చేసినంకనే పని చేసింది. కౌశిక్‌కైతే ఒక్క మాటతో దాన్ని అక్కడికక్కడే చదివించుడు తెలుసు. ఫోను బంద్ చేయించే అవసరం లేదు. ఆ అవసరం ఎవరికొచ్చింది లాయర్ సార్?" అంది వాసవి.

"గా నల్ల తెర సంగతి నాకేం ఎర్క మేడం," అన్నాడు అమర్‌నాథ్.

వాసవి నిరోషా ఫోన్లో ఒక కొత్త రికార్డింగు చేసి 'దాచు' అని కొట్టింది. కాసేపటికి అమర్‌నాథ్ జేబులో ఫోను మోగింది. కౌశిక్ దాన్ని బయటికి లాగాడు. కొత్త ఫైలు వచ్చిందన్న కబురు తెర మీద ఇంకా వెలుగుతోంది.

"ఊరికే చెరిపేస్తే సరిపోయేది గదా. నీ దగ్గరికెందుకు పంపుకున్నవ్?" అంది వాసవి.

ఆయన నేల చూశాడు. "అది నా దగ్గరుంటే ఫ్యాక్టరీ ఓనర్ బేరం పెంచుతడని."

బాలప్ప శవం మీద దండ వేసి ఏడ్చిన మనిషి ఈయనే. బయటికి పోబోతుంటే యాకోబు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. చెయ్యి మాత్రం వెయ్యలేదు. ఆ చొక్కా ముట్టుకోవాలంటేనే అసహ్యం వేసింది.

"ఆయన దగ్గు గూడ అమ్ముకుంటివా సారు," అంది హన్మమ్మ. గొంతు పెంచలేదు. అప్పటికే కౌశిక్ లాయర్ ఫోన్లో బాలప్ప ఫైలు వెతికి నిరోషాకు ఇచ్చాడు. హన్మమ్మ ఆమె వైపు తిరిగింది. "పెట్టు బిడ్డా, వింట."

మొదట దగ్గు వినిపించింది. చాలాసేపు దగ్గే. ఆ తర్వాత బాలప్ప తన పేరు చెప్పుకున్నాడు.