పాత మ్యాపు, కొత్త మాస్టారు

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ గుడ్డ మ్యాపు ఒక కొసను నేను పట్టుకున్నాను. రెండో కొస జ్ఞానమణి చేతిలో ఉంది.

"ముందుగాల నేను చూసిన," అంది.

"ముందు పట్టుకుంది నేనండీ!"

1958 జనవరి, ఒక ఆదివారం. మేమిద్దరం బి.ఎడ్. ట్రైనింగులో సోషల్ స్టడీస్ బ్యాచ్. నాంపల్లిలో ఒక హైస్కూల్లో ఒకరు పాఠం చెబుతుంటే, ఇంకొకరు వెనక బెంచీలో కూర్చుని అబ్జర్వేషన్ పుస్తకంలో తప్పులు రాయాలి. చెప్పినవాళ్లు కింద 'అంగీకరిస్తున్నాను' అని సంతకం పెట్టాలి. అది రూలు. నా తప్పులు రాయడమంటే ఆ మెదక్ పిల్లకు పండగే. 'ప్రభుదాస్ గారి గొంతు మైకులా ఉంది, పిల్లలు జడుసుకుంటున్నారు' అని రాసి, సంతకానికి పెన్ను కూడా తనే ఇచ్చేది. ఆ పెన్ను కోసమైనా నేను ఇంకో తప్పు చేసేవాణ్ణి.

మర్నాడే నా ఫైనల్ లెసన్. పాఠం 'మన రాష్ట్రం'. పాసైతే ఆ స్కూల్లోనే ఉద్యోగం. ఫెయిలైతే తెనాలి బండెక్కాలి, జ్ఞానమణి మళ్లీ కనబడదు. అందుకే మ్యాపు వదల్లేదు.

ఆమె దాన్ని సగం విప్పి చూసింది. నేను ఆమెను చూశాను.

"సరే, మీరే తీస్కోండ్రి," అంది పెదవి కొరుక్కుంటూ.

అప్పుడే అనుమానం రావాల్సింది. నాకంత బుద్ధెక్కడిది? నలుగుతుందని విప్పకుండా ఇంటికి తెచ్చి దాచుకున్నాను.

సోమవారం ఎగ్జామినర్ లక్ష్మణరావుగారి ముందు ఠీవిగా మ్యాపు విప్పాను. క్లాసంతా కిసుక్కుమంది. అందులో హైదరాబాద్ ఒక రాష్ట్రం, ఆంధ్ర ఇంకో రాష్ట్రం! రెండూ కలిసి అప్పటికి పద్నాలుగు నెలలు.

లక్ష్మణరావుగారు కళ్లజోడు సవరించుకున్నారు. వెనక బెంచీలో జ్ఞానమణి నవ్వడం లేదు. ముఖం పాలిపోయింది.

"ఇది పాత మ్యాపు," అన్నాను పిల్లల వైపు తిరిగి. "ఇప్పుడేం మారిందో ఎవరు చెబుతారు?"

"గీ నడిమి గీత లేదు సార్!"

"అయితే వచ్చి చెరిపెయ్."

పిల్లలు ఎగబడ్డారు. ఒకరు గీత మీద సుద్ద రుద్దారు. ఒకరు రాజధాని కర్నూలును కొట్టేశారు. ఇంకొకరు ఔరంగాబాదును పక్క రాష్ట్రానికి పంపేశారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

"పిల్లలతోనే పాఠం చెప్పించావయ్యా, భేష్!" అన్నారు లక్ష్మణరావుగారు. పాసయ్యాను.

వరండాలో జ్ఞానమణిని నిలదీశాను. "మీకు ముందే తెలుసు కదూ?"

"ఔ. ఇంటికి వోయి చూస్తరు, జర పరేషానై నా దగ్గరికి ఉరికొస్తరు అనుకున్న. నిన్న సాయంత్రమంతా కూసొని మీ కోసం కొత్తది గీసిన." సంచిలోంచి చుట్ట చుట్టిన మ్యాపు తీసింది. "మీరు రానే లేదు. పొద్దున ఇద్దామంటే సార్ మీ పక్కనే ఉండె. ఎవరన్న విప్పి చూడకుండ తెస్తరా?" కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు తెనాలి వోతే నేనేం గావాలె?"

మ్యాపు అందుకున్నాను, కానీ చూసింది ఆమెనే.

"గట్ల చూడకుండ్రి. పుస్తకం ఇయ్యుండ్రి," అని లాక్కుని రాసింది. 'చేతిలో ఉన్నది చూసుకునే తెలివి లేదు. ఈ మాస్టారును జీవితాంతం ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక మా నాన్నతో మాట్లాడవలెను.'

పెన్ను ఇచ్చింది.

'అంగీకరిస్తున్నాను' అని రాశాను. సంతకం వంకరపోయింది. దాన్ని కూడా తప్పుల్లో రాసింది.