తెరవకూడని కళ్లు

ఆళ్లగడ్డ శిల్పి ఆదినారాయణను తెల్లవారుజామున ఎవరో కాల్చి చంపారు. తొమ్మిదింటికల్లా ఏజెంట్ దేవసహాయం లారీ డ్రైవర్ వేషంలో ఆ ఇంటి ముందు దిగాడు. ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

"పదకొండుకి నంద్యాల గెస్ట్‌హౌస్‌లో సంతకాలు. పైదేశం, కిందిదేశం ఇరవై ఏళ్లు కొట్లాడి, కరువొచ్చినా నదిని సగం సగం పంచుకోవడానికి ఒప్పుకున్నాయి. మన కాలువ రైతుల వంతుల పద్ధతి చూడ్డానికే ఆ దేశాల మంత్రులు ఇక్కడికొచ్చారు. ఈ ఒప్పందాన్ని ఆపాలని ఓ విదేశీ ముఠా చూస్తోంది. మనలోనే వాళ్ల మనిషి ఒకరున్నారు. కోడ్‌నేమ్ చిలుక."

"జ్యోత్స్న అక్కడే ఉంది కదా సార్?"

"ఉంది. ప్రోటోకాల్ ఆఫీసర్‌గా."

దేవసహాయానికి ధైర్యమొచ్చింది. మిషన్ హాస్టల్లో తనతో ఒకే కంచంలో తిన్న పిల్ల. తోడబుట్టకపోయినా చెల్లెలే.

లోపల శిల్పి భార్య కమలాక్షమ్మ ఉలుల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"విగ్రహం యాడుందమ్మా?"

"నిన్న వ్యాన్లో తీస్కపోయిరి. రెండు కుండలు పట్టుకున్న గంగమ్మ. రెండు దేశాల నీళ్లు వాటిల్లో పోస్తారంట."

"పని పూర్తయిందా?"

"కండ్లు తెరవలేదప్పా. నిలబెట్టే చోటనే ఆఖర్న ఉలితో తెరవాల. ఈ పొద్దు నంద్యాలకు పోయి తెరుస్తానని ఈ మూట కట్టుకున్యాడు."

పది యాభైకి దేవసహాయం గెస్ట్‌హౌస్ హాల్లో ఉన్నాడు. నెమలికంఠం రంగు పట్టుచీరలో జ్యోత్స్న ఎదురొచ్చింది.

"ఏందన్నా ఈ అవతారం? డీజిల్ కంపు కొడతాండావ్!"

అతను నవ్వబోయి ఆగాడు. బల్ల మీది గంగమ్మ కళ్లు విప్పార్చి చూస్తోంది.

"కండ్లు ఎవరు తెరిచినారమ్మీ?"

"ఆదినారాయణే. నిన్న ఆళ్లగడ్డలో నా ముందరే చెక్కినాడు."

తెలీదని ఆమె అనుంటే బాగుండేది. జ్యోత్స్న అబద్ధమాడుతోంది. ఇది దారిలో మార్చిన నకిలీ. ఎక్కడో విదేశంలో ఫోటో చూసి మెషీన్‌తో కోసిన రాయి. కళ్లు ఎప్పుడు తెరవాలో ఆ మెషీన్‌కి ఎవరూ చెప్పలేదు. అసలు శిల్పి వస్తే ఒక్క చూపులో పట్టేస్తాడని చంపేశారు.

పెన్ స్కానర్‌ని విగ్రహం వీపుకి ఆనించాడు. ఎర్ర లైటు వెలిగింది. లోపల బాంబు. కుండల్లో నీళ్లు పడితే సర్క్యూట్ కలుస్తుంది.

అప్పటికే మంత్రులిద్దరూ చెంబులు వంచుతున్నారు. దేవసహాయం ఒక్క దూకు దూకి రెండు కుండల మూతులూ అరచేతులతో మూసేశాడు. రెండు దేశాల నీళ్లు అతని మోచేతుల మీదుగా కార్పెట్ మీదికి కారిపోయాయి.

జ్యోత్స్న పారిపోలేదు.

"నువ్వేనా చిలుకవి?"

"మా నాయన కూడా వంతును నమ్మినాడన్నా. మా వంతు రోజే తూము కాడికి పోయినాడు. పైఊరోళ్లు కొట్టి చంపిరి. కాయితంలో మాత్రం మాకు సగం ఉన్యాది. ఇంకోసారి ఆ అబద్ధాన్ని రాయనీయకూడదనుకున్యా."

"ఆ కబురొచ్చిన పొద్దు నీ పక్కనే ఉంటి కదమ్మీ. మళ్లీ ఎప్పుడూ అడగకపోతి."

బేడీలు వేస్తుంటే అతని చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

సంతకాలు అరగంట ఆలస్యంగా జరిగాయి. సాయంత్రం చీఫ్ ఫోన్ చేసి, నచ్చిన పోస్టింగ్ కోరుకోమన్నాడు.

"ఆ నది మీద, కిందిదేశానికి నీళ్లొదిలే తూము కాడ వాచ్‌మన్ వేషం ఇప్పించండి సార్."

"పిచ్చా? అసలక్కడ వాచ్‌మన్ పోస్టే లేదు."

"ఒప్పందం నలభై పేజీలూ చదివాను సార్, తూముకి కాపలా మాట ఎక్కడా లేదు," అన్నాడు దేవసహాయం. "అందుకే అడుగుతున్నా."